మీకు తెలుసా? పాత కారు వెనక ట్రైలర్ కట్టాలంటే

బంతి సైజు

యూరప్‌లో ట్రైలర్ తగిలించడానికి కార్ల వెనక ఉండే ఇనుప బంతి వ్యాసం 50 మిల్లీమీటర్లు. అమెరికాలో బాగా వాడుకలో ఉన్న బంతి 2 అంగుళాలది, అంటే 50.8 మిల్లీమీటర్లు. రెండింటికీ తేడా 0.8 మిల్లీమీటరు. కంటికి ఆనదు, చేత్తో పట్టుకున్నా తెలియదు. అయినా 50 మి.మీ. బంతి కోసం చేసిన ట్రైలర్ మూతిని 2 అంగుళాల బంతి మీద దించితే అడుగుదాకా కూర్చోదు. పిడి పడిందనే అనిపిస్తుంది గానీ లోపల పట్టు చిక్కదు. తిరగేసి 2 అంగుళాల మూతిని 50 మి.మీ. బంతి మీద పెడితే వదులుగా ఆడుతూ గతుకు వచ్చినప్పుడల్లా ఠంగుమంటుంది.

ఈ చిక్కు పాత కార్లకే ఎక్కువ. బ్రిటన్‌లో మెట్రిక్ కొలతలు స్థిరపడకముందు అమర్చిన టో బార్లకు (బంతిని కారుకు పట్టి ఉంచే ఇనుప చట్రాలకు) 2 అంగుళాల బంతులు ఉండేవి. కారు చేతులు మారుతూ వస్తుంది, బంతి మాత్రం ఎప్పుడో బిగించిందే ఉండిపోతుంది. అమెరికన్ కార్ల వెనక 1 7/8 అంగుళాలది (47.6 మి.మీ.) కూడా తగులుతుంది. అందుకే పాత బంతి కనబడగానే వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలవాలి. అర నిమిషం పని. 50 మి.మీ. బంతి ఏ పక్కనుంచి కొలిచినా 49కి దిగిందంటే దాని ఆయుష్షు తీరినట్టే. సైజు సరిపోయినా దాన్ని మార్చేయాలి.

రెండు కొలుములు

అది 1914. డెట్రాయిట్‌లో ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారికి తన పడవను ఎండాకాలం విడిది దగ్గరి సరస్సుకు తీసుకెళ్ళాలనిపించింది. బండ్లు చేసే కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్‌ను అడిగాడు. ఫ్రూహాఫ్ ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక తగిలించేలా రెండు చక్రాల బండి చేసిచ్చాడు. అది నచ్చి సిబ్లీ కలప మోయడానికీ అలాంటిదే చేయించుకున్నాడు. ఫ్రూహాఫ్ దానికి సెమీ ట్రైలర్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు హైవేల మీద కంటైనర్లు మోస్తున్న పెద్ద ట్రైలర్ లారీల చరిత్రలో, ఒక కారు వెనక కట్టిన పడవ బండి ఉందన్నమాట.

ఇక బంతి సంగతి. దాన్ని 1930లలో యూరప్‌లో వాడుకలోకి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది జర్మనీలోని వీడెన్‌బ్రూక్ ఊళ్ళో ఉన్న వెస్ట్‌ఫాలియా కంపెనీని. 1844లో అదీ ఓ కమ్మరి కొలిమిగానే మొదలైంది. ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లను ఇళ్ళలా మార్చి క్యాంపర్లుగా అమ్మింది కూడా వీళ్ళే.

పుట్టుకతోనే కొక్కెం ఉన్న బండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుకు వెనక కొక్కెం ఫ్యాక్టరీలోనే బిగించి పంపేవారు. చాసిస్ వెనక అడ్డదూలానికి అదనపు ఇనుము వేసి, ఆ ఇనుము మీద కొక్కెం పెట్టారు. జీపు కోసమే పావు టన్ను ట్రైలర్ తయారైంది. దానికో విశేషం ఉంది: నీళ్ళ మీద తేలుతుంది. వాగు దాటేటప్పుడు ట్రైలర్‌ను విప్పి వదిలేయాల్సిన పని లేకుండా దాని తొట్టిని నీరు చొరబడకుండా చేశారు.

యుద్ధం ముగిశాక మహీంద్రా విల్లీస్ జీపులను మన దేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టింది. పాత కార్ల మీద మక్కువ ఉండి, ట్రైలర్ కూడా లాగాలనుకునేవాళ్ళకు నేను చెప్పే మొదటి పేరు జీపే. ఎందుకో తెలియాలంటే కారు కిందికి దూరాలి.

అసలు దేనికి బిగించాలి?

ఈ శీర్షికలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. మోడల్ టీకి, జీపుకు అడుగున విడిగా చాసిస్ ఉంది. రెండు పొడుగు దూలాలు, మధ్య అడ్డదూలాలు. ట్రైలర్ ఎంత గుంజినా ఆ గుంజుడు నేరుగా దూలాలకే పోతుంది. 1948లో బ్రిటన్‌లో వచ్చిన మోరిస్ మైనర్‌కు అలాంటి చాసిస్ లేదు. రేకులనే మడిచి, పెట్టెల్లా వెల్డు చేసి, కారు ఒంటినే ఎముకల గూడుగా నిలబెట్టారు. దాని రూపశిల్పి అలెక్ ఇసిగోనిస్. తర్వాత మినీ కారు గీసింది కూడా ఆయనే. మన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కూడా ఇదే పద్ధతిలో కట్టింది. అంబాసిడర్ గట్టి బండి అంటాం. నిజమే, కానీ ఆ గట్టిదనం రేకు మడతల్లో ఉంది. ఆ మడతల్లో తుప్పు చేరిన రోజున పైనుంచి ఎంత మెరుస్తున్నా లోపల ఏమీ మిగలదు.

ఇలాంటి కార్ల డిక్కీ కింద ఎడమా కుడీ రెండు రేకు పెట్టెలు వెనకదాకా పోతాయి. రేకు మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు. టో బార్ బిగించాల్సింది ఆ పెట్టెలకు, వాటితో కలిసే డిక్కీ అడుగు రేకుకు. బంపర్‌కు మాత్రం కాదు. బంపర్ పట్టీలు బంపర్ బరువు మోయడానికి చేసినవే.

బిగించే ముందు పాత స్క్రూ డ్రైవర్ ఒకటి తీసుకుని కారు కింద పడుకోండి. కమాను పట్టీల వెనక చివర వేలాడే చోటు నుంచి మొదలుపెట్టి, ఆ పెట్టె పొడుగునా స్క్రూ డ్రైవర్ మొనతో గట్టిగా పొడుస్తూ రండి. మంచి ఇనుము టంగుమని మోగుతుంది, మొన వెనక్కి తన్నుతుంది. తుప్పు తిన్నచోట చప్పుడు బొదబొదమంటుంది. రంగు కింద ఎర్రటి పొరలు పెచ్చులుగా రాలితే అక్కడ ఆగాలి. మొన లోపలికి దిగిపోతే ఇక టో బార్ మాట పక్కన పెట్టి వెల్డర్‌ను పిలవాలి. మైనర్‌లో ట్రావెలర్ అనే మోడల్ ఉంది, దాని వెనక భాగమంతా యాష్ కలప చట్రం. అది అలంకారానికి పెట్టిన చెక్క కాదు, వెనక ఒంటిని నిలబెట్టేదే అది. ఆ కారుకైతే చెక్క కీళ్ళను కూడా పొడిచి చూడాలి.

బెజ్జంలో దాగిన గొట్టం

రేకు పెట్టెకు ఇటునుంచి అటు బెజ్జం వేసి, పొడుగు బోల్టు దూర్చి, పానాతో బిగిస్తే ఏమవుతుంది? పెట్టె లోపల ఖాళీ కాబట్టి రెండు గోడలూ లోపలికి వంగుతాయి. బిగించినకొద్దీ ఇంకా వంగుతాయి. పానా చేతికి గట్టిగా తగలదు, బోల్టు బిగిసినట్టే ఉండి వదులవుతూ ఉంటుంది. వంగిన మడత దగ్గర రంగు పగిలి, అక్కడే తుప్పు మొదలవుతుంది.

తెలిసిన మెకానిక్ ముందుగా పెట్టె వెడల్పు కొలుస్తాడు. సరిగ్గా అంతే పొడవున మందపాటి ఇనుప గొట్టం కోస్తాడు. ఒక పక్క గోడకు గొట్టం పట్టేంత పెద్ద బెజ్జం, అవతలి గోడకు బోల్టు పట్టేంత చిన్న బెజ్జం వేస్తాడు. గొట్టం లోపలికి దూర్చి, పెద్ద బెజ్జం ఉన్న పక్క గొట్టం అంచును గోడకు వెల్డు చేసి, దాంట్లోంచి బోల్టు పోనిస్తాడు. ఇప్పుడు పానా ఎంత తిప్పినా ఆ బిగువును గొట్టం మోస్తుంది, రేకు వంగదు. డిక్కీ లోపల వాషరు చాలదు, అరచేయంత ఇనుప పలక పెట్టాలి. బరువు ఒక్క చోట గుచ్చుకోకుండా రేకంతా పంచుకుంటుంది. బెజ్జం అంచులకు రెడ్ ఆక్సైడ్, అది ఆరాక పెట్టె లోపలికి మైనం లాంటి తుప్పు మందు. ఈ రెండూ వేయకుండా బోల్టు దూర్చినవాడు పదేళ్ళ తర్వాత వచ్చే యజమానికి అన్యాయం చేసినట్టే. పాత కారు మన దగ్గర కొన్నాళ్ళుండి ఇంకొకరి చేతికి పోయే వస్తువు. కనబడని చోట చేసే పని కూడా నిజాయితీగా చేయాలి.

బోల్టు నెత్తిన అంకెలు

బోల్టు తలమీద 8.8 అని చెక్కి ఉండడం చూసే ఉంటారు. మొదటి 8 అంటే ఆ ఉక్కు తెగడానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల బలం కావాలని. రెండో 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. టో బార్‌కు ఇంతకంటే తక్కువ రకం వాడకూడదు. యూరప్‌లో పలకకు బిగించే బంతికి 16 మి.మీ. బోల్టులు రెండు ఉంటాయి, వాటి మధ్య దూరం 90 మి.మీ. ఏ కంపెనీ బంతైనా ఆ రెండు బెజ్జాలకు సరిపోవడానికి కారణం ఇదే.

బ్రిటిష్ పాత కార్లలో బోల్టులు అంగుళాల లెక్కవి. అర అంగుళం బోల్టు 12.7 మి.మీ., దాని పక్కన పెట్టిన 12 మి.మీ. బోల్టు అచ్చం అలాగే కనబడుతుంది. నట్టు రెండు చుట్లు తిరుగుతుంది కూడా. ఆ తర్వాత బలవంతంగా తిప్పారంటే మర చెడిపోతుంది. టో బార్ కిట్‌తో వచ్చిన మెట్రిక్ బోల్టులను, కారు నుంచి విప్పిన బోల్టులను వేర్వేరు డబ్బాల్లో వేసుకోవడం మంచి అలవాటు.

ఎంత బలం పడుతుంది?

దీనికి యూరప్ ఇంజినీర్లు ఒక లెక్క పెట్టుకున్నారు. కారు బరువును ట్రైలర్ బరువుతో గుణించి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగించి, 9.81తో గుణిస్తారు. బరువులు టన్నుల్లో తీసుకుంటే జవాబు కిలోన్యూటన్లలో వస్తుంది. కారు 1 టన్ను, ట్రైలర్ అర టన్ను అనుకుందాం. 3.27 కిలోన్యూటన్లు వస్తుంది. సుమారు 333 కిలోల బరువు వేలాడదీసినంత బలం అన్నమాట. అదీ ఒకసారి లాగి వదిలేది కాదు. బయల్దేరితే ముందుకు, బ్రేకు వేస్తే వెనకనుంచి, గతుకు పడితే కిందికీ పైకీ, ప్రయాణమంతా లాగుడూ తోపుడే. అందుకే కొత్త కార్ల టో బార్లను ల్యాబ్‌లో 20 లక్షల సార్లు అటూ ఇటూ గుంజి పరీక్షిస్తారు. పగులు కనబడిందా, ఆమోదం రాదు.

బ్రిటన్‌లో ఆమోదముద్ర ఉన్న టో బారే వాడాలన్న నిబంధన 1998 ఆగస్టు 1 నుంచి రోడ్డెక్కిన కార్లకు వర్తిస్తుంది. అంతకు ముందువాటికి మినహాయింపు. మోరిస్ మైనర్లు, ఎంజీబీ కార్లు, ఫోక్స్‌వ్యాగన్ పాత బీటిళ్ళు అన్నీ ఈ మినహాయింపులోకే వస్తాయి. దీన్ని చాలామంది సౌకర్యం అనుకుంటారు. నా మటుకు నాకు అది బరువైన బాధ్యత. 20 లక్షల గుంజుళ్ళ పరీక్ష చేసి పెట్టేవాడు లేనప్పుడు ఆ జాగ్రత్తంతా బిగించేవాడి మీదే పడుతుంది.

నలుపు ఎర్తు కానిచోట

పాత కారు వైరింగ్‌లో ట్రైలర్ లైట్లు కలపడం దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. చూడండి ఎందుకో.

బ్రిటిష్ పాత కార్లలో లూకాస్ కంపెనీ రంగులు నడిచేవి. వెనక ఎర్ర దీపానికి ఎరుపు తీగ, బ్రేకు లైటుకు ఆకుపచ్చ మీద ఊదా గీత, ఎడమ ఇండికేటర్‌కు ఆకుపచ్చ మీద ఎర్ర గీత, కుడికి ఆకుపచ్చ మీద తెల్ల గీత, ఎర్తుకు నలుపు. ట్రైలర్‌కు వాడే ఏడు పిన్నుల సాకెట్‌కు ఇంకో రంగుల లెక్క ఉంది. 1వ పిన్ను పసుపు, ఎడమ ఇండికేటర్. 2 నీలం, వెనక ఫాగ్ లైటు. 3 తెలుపు, ఎర్తు. 4 ఆకుపచ్చ, కుడి ఇండికేటర్. 5 గోధుమ రంగు, కుడి వెనక దీపం. 6 ఎరుపు, బ్రేకు లైటు. 7 నలుపు, ఎడమ వెనక దీపం.

ఇప్పుడు రంగుకు రంగు కలిపేశామనుకోండి. కారు ఎరుపు వెనక దీపానిది, ట్రైలర్ ఎరుపు బ్రేకు లైటుది. చీకటిపడి లైట్లు వేయగానే ట్రైలర్ బ్రేకు లైట్లు వెలిగి అలాగే ఉండిపోతాయి. వెనక వచ్చేవాడికి మనం నిజంగా బ్రేకు వేసింది తెలియదు. కారు నలుపు ఎర్తు, ట్రైలర్ నలుపు ఎడమ దీపం. కాబట్టి ఆ దీపం ఎప్పటికీ వెలగదు. తెల్ల తీగ గాలిలో ఉండిపోతుంది. అప్పుడు కరెంటు తిరుగుదారి కోసం ఇనుప బంతినే వాడుకుంటుంది. బంతికి గ్రీజు ఉంటే ఒకలా, గతుకు పడితే ఒకలా దీపాలు మిణుకుమిణుకుమంటాయి. రంగు చూసి కలపకూడదు, టెస్ట్ ల్యాంపు పెట్టి ఒక్కొక్క తీగ పని ఏమిటో చూసి కలపాలి. పిన్ను నంబర్లను నమ్మండి, రంగులను కాదు.

ఇంకో మాట. ఆ కార్ల తీగలు చాలావాటికి పైన నూలు అల్లిక ఉంటుంది. దాన్ని కోసి, కొత్త కాలపు క్లిప్పులతో కొరికించడం పాపం. లూకాస్ తీగల చివర్లు చిన్న ఇత్తడి గుండ్లలా ఉండి రబ్బరు తొడుగులో దూరతాయి. రెండు బెజ్జాల తొడుగు తీసి నాలుగు బెజ్జాలది పెడితే, ఒక్క తీగ కూడా కోయకుండా ట్రైలర్ తీగ దూర్చుకోవచ్చు. రేపు వద్దనుకుంటే లాగేయొచ్చు కూడా.

చేయి ఎత్తే కారు

1960 వరకు జర్మనీలో అమ్మిన బీటిళ్ళకు, 1961 వరకు మైనర్లకు ఇప్పటిలా ఆరిపోయి వెలిగే ఇండికేటర్లు లేవు. తలుపు పక్క స్తంభంలోంచి చిన్న చేయి బయటికి లేచి, లోపల దీపం నిలకడగా వెలిగేది. ఆ తీగ తీసుకుని ట్రైలర్‌కు కలిపితే దాని ఇండికేటర్ కూడా మిణకకుండా వెలుగుతూనే ఉంటుంది. అలాంటి కార్లకు ట్రైలర్ కోసం విడిగా ఫ్లాషర్ పెట్టాల్సిందే.

మామూలు ఇండికేటర్లు ఉన్న పాత కార్లలోనూ ఫ్లాషర్ లోపల సన్నని తీగ వేడెక్కి సాగి, చల్లారి ముడుచుకుంటూ దీపాన్ని ఆర్పి వెలిగిస్తుంది. అది రెండు 21 వాట్ల బల్బులకు లెక్కగట్టి చేసినది. ట్రైలర్ మూడో బల్బు కలిస్తే ఆ లయ తప్పుతుంది. లోడుతో పనిలేని ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ పెడితే సమస్య తీరుతుంది, అయితే ఎర్తు ఏ వైపుందో చూసి కొనాలి.

ఎందుకంటే 1960ల మధ్య వరకు చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్ కొసను ఒంటికి కలిపేవారు. ఎంజీబీ 1967 దాకా అలాగే వచ్చింది. ఫిలమెంట్ బల్బుకు ప్లస్, మైనస్ పట్టింపు లేదు. ఎల్ఈడీకి ఉంది. ఈ కాలపు ఎల్ఈడీ ట్రైలర్ బోర్డు తెచ్చి అలాంటి కారుకు తగిలిస్తే ఒక్క దీపమూ వెలగదు. బోర్డు పాడైందని షాపుకు తిరిగి తీసుకెళ్ళే ముందు బ్యాటరీ వైపు ఒకసారి చూడండి.

6 వోల్టుల బీటిల్ సంగతి వేరు. 12 వోల్టుల బల్బులు దానికి మసక మసకగా వెలుగుతాయి. 6 వోల్టుల బల్బులు వేస్తే వెలుగు సరిపోతుంది గానీ అదే 21 వాట్లకు కరెంటు 1.75 ఆంపియర్ల నుంచి 3.5కు పెరుగుతుంది. తీగ మందంగా ఉండాలి.

నొగ మీద బరువు

ఎద్దుబండి తోలినవాళ్ళకు ఈ విషయం ఎవరూ నేర్పనక్కర్లేదు. బస్తాలు ముందుకు పేరిస్తే కాడి ఎద్దుల మెడమీద అణుగుతుంది, వెనక్కి పేరిస్తే నొగలు పైకి లేస్తాయి. కొంచెం ముందు మొగ్గు ఉంచి కడతారు. ట్రైలర్‌కూ అంతే. బంతి మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలని బ్రిటన్‌లో చెప్తారు. 500 కిలోల ట్రైలర్‌కు 25 నుంచి 35 కిలోలు. అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద కర్రముక్క నిలబెట్టి, దానిపై ట్రైలర్ మూతి ఆనిస్తే ఎంతుందో తెలిసిపోతుంది.

ముందు మొగ్గు చాలకపోతే వేగం అందుకోగానే ట్రైలర్ పాములా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఈ ఊగుడు మీద ప్రయోగాలు చేశారు. బంతి మీద బరువు, ఇరుసు ఉన్న చోటు, సామాను ట్రైలర్ రెండు కొసల్లో ఉందా నడుమ ఉందా అన్నవి అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపుతాయని తేలింది. బరువైనవి ఇరుసు మీదే పెట్టాలి. ఊగుడు మొదలైతే స్టీరింగ్‌తో దాన్ని సరిచేయబోకూడదు, బ్రేకు మీద తొక్కకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ నెమ్మదిగా వదలాలి.

మరి ఎక్కువ మొగ్గు ఉంటే? బంతి వెనక ఇరుసుకు బాగా వెనక ఉంటుంది కాబట్టి అది మీటలా పనిచేస్తుంది. బీటిల్ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 2.4 మీటర్లు. బంతి వెనక ఇరుసుకు 1.2 మీటర్ల వెనక ఉందనుకుని దాని మీద 50 కిలోలు పెడితే, వెనక చక్రాలపై పెరిగేది 50 కాదు, 75 కిలోలు. మిగతా 25 కిలోలు ముందు చక్రాల మీదనుంచి లేచి వచ్చినవి. అసలే బీటిల్ ఇంజిన్ వెనక ఉంటుంది, ముందు తేలిక. ఆ తేలిక ముందుతోనే స్టీరింగ్ తిప్పాలి.

తనంతట తాను లేచే కారు

1955 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో సిట్రోయెన్ డీఎస్‌ను చూపించారు. దానికి ఉక్కు స్ప్రింగులు లేవు, గోళాల్లో నింపిన నైట్రోజన్ వాయువు, నూనె ఒత్తిడి దాన్ని మోస్తాయి. వెనక ఎంత బరువు పడినా కారు తనంతట తాను లేచి సమం అవుతుంది. ఎత్తు మార్చే మీట లోపలే ఉంది. ట్రైలర్ కట్టేటప్పుడు కారును కిందికి దించి, బంతి మూతి కిందికి వచ్చేలా రివర్స్ చేసి, మీట తిప్పి పైకి లేపితే బంతే పోయి మూతిలో కూర్చుంటుంది. జాకీతో పనిలేదు. ఆపి వదిలేస్తే మాత్రం కొంతసేపటికి కారు కిందికి కుంగుతుంది, తగిలించి ఉన్న ట్రైలర్ మూతినీ తనతో దించుతుంది.

మామూలు కారుకు ఆ సౌకర్యం లేదు. సామాను వేశాక బంతి మధ్యభాగం నేలనుంచి 350 నుంచి 420 మి.మీ. ఎత్తులో ఉండాలన్నది యూరప్ కొలత. కమాను పట్టీలు కుంగిన పాత కారుకు ముందు వాటిని సరిచేయించుకోవాలి.

ఆగడం

బ్రేకు లేని ట్రైలర్ బరువు కారు ఖాళీ బరువులో సగం దాటకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ 750 కిలోలు మించకూడదు. ఇది బ్రిటన్ నియమం. 780 కిలోల చిన్న కారుకు 390 కిలోలే. ఈ పరిమితి కంటే కూడా తక్కువలోనే ఉండమని నా సలహా. మైనర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, బ్రేకు నూనెకు ఒకే దారి. ఒక్క పైపు పగిలితే మిగిలేది హ్యాండ్ బ్రేకు. ఇంజిన్ కూడా గొప్పది కాదు: 1962 నుంచి వచ్చిన 1098 సీసీ మైనర్‌కే 48 హార్స్ పవర్.

కాస్త పెద్ద ట్రైలర్లకు ఓవర్ రన్ బ్రేకు ఉంటుంది. కారు ఆగుతుంటే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుడుకే మూతి వెనకున్న కడ్డీ లోపలికి జరిగి ట్రైలర్ బ్రేకులను లాగుతుంది. కారునుంచి తీగ గానీ నూనె పైపు గానీ అక్కర్లేదు కాబట్టి పాత కార్లకు ఇది వరం.

బంపర్‌కే కట్టిన రోజులు

1945లో అమెరికాలో మొదలైన యూ-హాల్ కంపెనీ పేరు అక్కడ చదువుకున్న మన తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఊరు మారినప్పుడల్లా మంచాలూ సామానూ దాంట్లోనే కదా. ఆ కంపెనీ మొదట్లో అద్దెకిచ్చింది చిన్న ట్రైలర్లను. వాటిని వచ్చినవాళ్ళ కారు బంపర్‌కే పట్టీతో బిగించి పంపేవారు. అప్పటి అమెరికన్ కార్ల బంపర్లు మందపాటి ఉక్కువి, వెనక విడి చాసిస్‌కు బిగించినవి. అందుకే తట్టుకున్నాయి. ఆ ఫొటోలు చూసి మైనర్ బంపర్‌కో అంబాసిడర్ బంపర్‌కో ప్రయత్నించకండి.

మన దగ్గరైతే?

భారతదేశంలో 2021లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. 50 ఏళ్ళు దాటి, చాసిస్‌లో గానీ ఒంటిలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు చేయని బండికి వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, తర్వాత తిరిగి రిజిస్టర్ చేయించుకోవడానికి 5,000. ఆ నంబరున్న బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు అయితే సరే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా ఏ బండినీ మార్చకూడదు. కాబట్టి మన ఊళ్ళో పాత ఫియట్‌కో అంబాసిడర్‌కో డిక్కీ కింది రేకు పెట్టెలు కోసి టో బార్ వెల్డు చేయించే ముందు ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. వెల్డింగ్ కంటే బోల్టులే మేలు. విప్పితే కారు మళ్ళీ యథాతథంగా ఉంటుంది.

చివరగా ఒక్క మనవి. మీరు కొన్న పాత కారుకు టో బార్ ముందే ఉంటే, ఏదైనా తగిలించి లాగే ముందు దాన్ని ఒకసారి పూర్తిగా విప్పించండి. పలక వెనక రేకు ఎలా ఉందో, బెజ్జంలో గొట్టం ఉందో లేదో, బోల్టు తలపై 8.8 ఉందో లేదో చూడండి. రేకు బాగుంటే రంగు వేసి, కొత్త బోల్టులతో మళ్ళీ బిగించండి. బాగాలేకపోతే బంతి తీసేసి కారును కారులాగే ఉంచండి.